ఇంగ్లిష్ చాలన్న ఊళ్లో నా నలభై స్వీడిష్ మాటలు

పోయినేడాది ఆగస్టులో ఎక్స్చేంజ్ మీద రెండు సెమిస్టర్లు స్వీడన్ వెళ్తున్నానని తెలియగానే, మన సీనియర్ల దగ్గర్నుంచి మా మేనమామ దాకా అందరూ ఒకటే మాట అన్నారు. "అక్కడ అందరికీ ఇంగ్లిష్ వచ్చు. ఆ భాష నేర్చుకుని ఏం చేస్తావు? మళ్లీ వచ్చేసేదేగా!"

అది అబద్ధం కాదు. క్లాసులు ఇంగ్లిష్‌లోనే. బస్సు డ్రైవర్‌కి ఇంగ్లిష్ వచ్చు, సూపర్ మార్కెట్లో బంగాళాదుంపలు ఏరుకుంటున్న ముసలాయనకీ వచ్చు. ఒక్క స్వీడిష్ ముక్క రాకుండా పది నెలలు గడిపేసి వచ్చినవాళ్లు నాకు తెలుసు. నేనూ అలాగే గడిపేద్దామనుకున్నా. కుదరకపోవడానికి కారణం మా బిల్డింగ్ కింద ఉన్న బట్టలుతికే గది. దాని సంగతి కాసేపట్లో చెప్తా.

ముందు ఊరి పేరు. టికెట్ మీద స్పెల్లింగ్ చూసి నేను ఇంటి దగ్గర్నుంచీ 'లింకోపింగ్' అనే అంటూ వచ్చా. స్టేషన్లో దిగాక తెలిసింది అది 'లిన్‌శోపింగ్' అని. కొన్ని అచ్చుల ముందు వాళ్ల 'క' కాస్తా 'శ' అయిపోతుంది. 'కొనడం' అంటే శోపా, 'మాంసం' అంటే శొత్. శాకాహారులు మొదటి రోజే బట్టీ పట్టాల్సిన వాక్యం ఇదే: "యా ఏతెర్ ఇంతె శొత్". నేను మాంసం తినను అని.

స్వీడిష్ మాటల్ని ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నా. మన పత్రిక రూలు అదే కాబట్టి అనుకోకండి. నిజంగానే ఇంగ్లిష్ స్పెల్లింగ్ కంటే మన అక్షరాలే ఆ భాషకి బాగా అతికాయి. ఇది నాకు రెండో వారంలో యూనివర్సిటీ బిగినర్స్ క్లాసులో అర్థమైంది. పక్కన కూర్చున్న స్పెయిన్ అబ్బాయి, అమెరికా అమ్మాయి ఒక చిన్న మాట దగ్గర గంటసేపు తంటాలు పడుతున్నారు. స్వీడిష్‌లో 'ర' తర్వాత త, ద, న, స వస్తే రెండూ కలిసి ట, డ, ణ, ష అయిపోతాయి. 'పిల్ల' అనే మాటని స్పెల్లింగ్ చూసి 'బార్న్' అని చదువుతాం, పలకడం మాత్రం 'బాణ్'. 'బల్ల'ని 'బూర్ద్' అని చదువుతాం, పలకడం 'బూడ్'. నాలుక మడిచి అనే ఆ 'ణ' మనకి ఒకటో తరగతిలోనే వచ్చేసింది కదా! టీచరు నన్ను రెండుసార్లు అనిపించి, "నువ్వు ఇంతకుముందు నేర్చుకున్నావా?" అని అడిగింది. అక్షరమాల దిద్దించిన మా మాస్టారు గుర్తొచ్చారు. (దేశానికి దక్షిణాన స్కోనె ప్రాంతంలో మాత్రం ఈ మడత నాలుక ఉండదు, 'ర'ని గొంతులోంచి గరగరలాడిస్తారు. అక్కడికి వెళ్లేవాళ్లు నన్ను తిట్టుకోకండి.)

మామూలు 'త', 'ద' కూడా వాళ్లకి ఉన్నాయి. థాంక్స్‌ని 'ట్యాక్' అంటే ఇంగ్లిష్‌వాళ్ల యాస వచ్చేస్తుంది. అది అచ్చంగా మన 'త'తో 'తక్'. 'చాలా థాంక్స్' అంటే 'తక్ సో మిక్కె'. ఆ మిక్కె అంటే ఎక్కువ, చాలా అని. మన 'మిక్కిలి' గుర్తొచ్చి నేను ఎగిరి గంతేశాను గానీ, చుట్టరికం ఏమీ లేదు, కాకతాళీయం. గుర్తుపెట్టుకోడానికి మాత్రం పనికొచ్చింది.

హ్రస్వ దీర్ఘాలు కూడా మనకి కలిసొచ్చే ఆస్తే. మనకి 'కాలు' వేరు, 'కల్లు' వేరు. వాళ్లకీ అంతే: అచ్చు పొడుగైతే హల్లు పొట్టి, అచ్చు పొట్టైతే హల్లు ఒత్తుతారు. 'తక్క్' అంటే థాంక్స్, 'తాక్' అంటే ఇంటి కప్పు. ఇంత తెలిసీ నేను బోల్తా పడ్డా. ఒక ఆదివారం నది ఒడ్డున కేఫ్‌లో ఐస్‌క్రీమ్ బోర్డు చూశా. స్పెల్లింగ్ అచ్చం మన 'గ్లాసు'లాగే ఉంది. ధీమాగా "ఎన్ గ్లాస్, తక్" అన్నా. అమ్మాయి గాజు గ్లాసు నిండా చల్లటి నీళ్లు తెచ్చి పెట్టింది. గ్లాసంటే గ్లాసే. ఐస్‌క్రీమ్ కావాలంటే 'గ్లస్స్' అనాలి. సెప్టెంబరు చలిలో ఆ నీళ్లు మర్యాదగా మొత్తం తాగేశా.

మన నోటికి రానివి రెండు మూడున్నాయి, దాచడం ఎందుకు. 'ఈ' అంటూ పెదాలు 'ఊ'లాగా పెట్టే అచ్చు ఒకటి, 'ఏ' అంటూ పెదాలు 'ఓ'లాగా పెట్టేది ఇంకొకటి. 'ఏడు' అంకె అయితే వేడి టీ ఊదుతున్నట్టు 'హ్యూ' అనాలి. వీటికి అద్దం ముందు ప్రాక్టీసు తప్ప వేరే దారి లేదు. అయితే క్రియల్లో సుఖముంది. ఉన్నాను, ఉన్నావు, ఉన్నాం అని మనం మార్చుకుంటూ పోతాం, వాళ్లకి అన్నిటికీ ఒక్కటే 'ఎ'. యా ఎ, దూ ఎ, వీ ఎ. అయిపోయింది.

ఇక కౌంటర్ దగ్గర. అపోతేక్‌లో, అంటే మందుల షాపులో, లోపలికి వెళ్లగానే చిన్న మెషిన్ నుంచి 'నుమ్మెర్‌లప్' తీసుకోవాలి, మన బ్యాంకు టోకెన్ లాంటిది. అది లేకుండా గంట నిలబడ్డా ఎవరూ పలకరించరు, ఎవరూ తిట్టరు కూడా. బిల్లు వేసేటప్పుడు రెండే ప్రశ్నలు వస్తాయి. "పోసె?" సంచి కావాలా? "క్విత్తు?" రసీదు కావాలా? వద్దంటే "నెయ్ తక్, దే ఎ బ్రా". ఆ చివరి మూడు మాటలకి 'బాగుంది' అని అర్థం, కానీ వాడేది మన 'చాలండి' అనే చోట. తెలియక నేను, సంచి కావాలా అంటే 'బాగుంది' అంటారేమిటా అని మొదట్లో తెగ ఆలోచించా.

వాళ్లకి 'ప్లీజ్' అనే మాట లేదు. ఇది విని మా క్లాసులో ఇంగ్లిష్‌వాళ్లు ఆశ్చర్యపోయారు. నాకేమీ ఆశ్చర్యం కాలేదు. 'దయచేసి' అని ఇంట్లో ఎవరైనా అన్నారా ఎప్పుడైనా? అది రైల్వే అనౌన్స్‌మెంట్‌లోదే. మన మర్యాదంతా 'అండి'లో, 'కాస్త'లో, 'కొంచెం'లో ఉంటుంది. వాళ్లది 'తక్'లో, 'లీతె'లో ఉంటుంది. లీతె అంటే కొంచెం. "ఎన్ కఫె, తక్" అంటే 'ఒక కాఫీ ఇవ్వండి' అన్నంత మర్యాద. ఇచ్చేవాళ్లు "వాషోగూద్" అంటారు, 'తీసుకోండి' అని. భోజనానికి రమ్మన్నా వాషోగూద్, థాంక్స్‌కి 'పర్లేదు' అన్నా వాషోగూదే. ఎవరినైనా పక్కకి జరగమనాలన్నా, దారి అడగాలన్నా "ఊషెక్తా" అని మొదలుపెట్టాలి. "ఊషెక్తా, గోర్ దెన్ హేర్ బుస్సెన్ తిల్ రీద్?" ఈ బస్సు రీద్‌కి వెళ్తుందా? ఆ ఊళ్లో ఎక్కువమంది స్టూడెంట్స్ ఉండేది రీద్‌లో. నాకు అక్కడ రూము దొరక్క, మామూలు కుటుంబాలుండే అపార్ట్‌మెంట్లో ఒక గది అద్దెకి తీసుకున్నా. కథ అక్కడే మొదలైంది.

స్వీడన్‌లో చాలా అపార్ట్‌మెంట్లకి కింద సెల్లార్‌లో అందరికీ కలిపి ఒక ఉతికే గది ఉంటుంది. పేరు 'త్వెత్‌స్తూగా'. గోడ మీద బోర్డుంటుంది, మన ఫ్లాట్ నంబరున్న చిన్న తాళం బిళ్లని కావాల్సిన గంటల దగ్గర గుచ్చితే ఆ టైము మనది. ఇదంతా నాకెవరూ చెప్పలేదు. ఆదివారం పొద్దున్న మెషిన్ ఖాళీగా కనిపించింది, బట్టలు వేసేశా. తిరిగొచ్చేసరికి తడి బట్టలు బుట్టలో ఉన్నాయి, పైన ఒక చీటీ, దాన్నిండా ఆశ్చర్యార్థకాలు. ఫోన్‌తో చదివిస్తే తేలింది: "ఇది నీ టైము కాదు! బోర్డు చూడు!" ఇలాంటి చీటీలకి అక్కడ పేరే ఉంది, 'అర్య్ లప్', కోపం చీటీ అని. ఎదురుగా నిలబడి ఎవరూ గొడవపడరు, చీటీ పెడతారు.

చీటీ పట్టుకుని నిలబడి ఉండగానే దాన్ని రాసినావిడ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి, మా కింది ఫ్లోరే. "హార్ దూ ఇంతె బూకత్ తీద్?" అంది. 'నువ్వు టైము బుక్ చెయ్యలేదా?' అని. అర్థమైంది! అర్థమైన ఆనందంలో "యా" అన్నా. అంటే అవును. మన లెక్కలో "అవునండీ, చెయ్యలేదు" అని కదా. ఆవిడ బోర్డు వైపు చూసింది, నా వైపు చూసింది, "యూ?" అంది. నేను మళ్లీ గట్టిగా "యా యా" అన్నా.

తర్వాత క్లాసులో తెలిసింది నేను ఎంత పని చేశానో. 'చెయ్యలేదా?' అని వాళ్లడిగితే, చెయ్యకపోతే 'నెయ్' అనాలి, చేసి ఉంటే 'యూ' అనాలి. 'యా'కి అక్కడ చోటే లేదు. బోర్డు ఖాళీగా కనిపిస్తుండగా ఆవిడ ముందు నేను 'చేశాను, చేశాను' అని దబాయించినట్టయింది. కాదనే ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు 'అవును'ని నోట్లోనే మింగేయండి. ఈ వ్యాసంలో ఇంకేం గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి.

మర్నాడు సాయంత్రం అమ్మ కట్టిచ్చిన చేగోడీల పొట్లం పట్టుకుని ఆవిడ తలుపు కొట్టా. దారి పొడుగునా బట్టీ పట్టిన మాట "ఫొలోత్", క్షమించండి అని. దానితోపాటు గౌరవంగా ఉంటుందని 'తంత్' అనే మాట కూడా చేర్చా. డిక్షనరీలో 'ఆంటీ' అని ఉంది మరి. ఆవిడ మొహం ఒక్క క్షణం మాడింది. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పింది, తంత్ అంటే 'ముసలమ్మ' అన్నట్టుంటుందట, మొహం మీద అనకూడదట. పేరు పెట్టి పిలవమంది, 'దూ' అనమంది.

దూ అంటే నువ్వు. ఒకప్పుడు వాళ్లు కూడా మనలాగే 'డాక్టరుగారు కాఫీ తీసుకుంటారా?' అని హోదాతో మాట్లాడుకునేవాళ్లట. 1967లో బ్రూర్ రెక్సెద్ అనే ఆయన ప్రభుత్వ వైద్య శాఖకి అధిపతిగా వస్తూ, సిబ్బంది అందర్నీ పేరుతో, దూ అనే పిలుస్తానని చెప్పారు. అప్పటికే మొదలైన మార్పుకి ఆయన పేరు గుర్తుగా నిలిచిపోయింది. ఇప్పుడు ప్రొఫెసర్నీ దూ అనే అంటారు, రాజుగారి కుటుంబాన్ని తప్ప. వినడానికి బాగానే ఉంది. కానీ మా అమ్మమ్మ వయసావిణ్ణి పేరు పెట్టి 'నువ్వు' అనాలంటే నాకు నోరు రాలేదు. ఆవిడతో మాట్లాడినన్ని రోజులూ ఏ పిలుపూ లేకుండా 'ఊషెక్తా' అని మొదలుపెట్టి నెట్టుకొచ్చా.

ఆ రోజు కాఫీ పోసింది. కప్పు అయ్యాక "పోతోర్?" అంది. రెండో కప్పుకి వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట ఉంది చూడండి! నేను మొహమాటంగా "తక్" అన్నా, 'వద్దులెండి, థాంక్స్' అనే అర్థంలో. పోసేసింది. మూడో కప్పుకీ పేరుంది, 'త్రేతోర్'. మళ్లీ "తక్" అన్నా, మళ్లీ పోసింది. ఒట్టి 'తక్' అంటే 'ఇవ్వండి' అని. వద్దంటే 'నెయ్ తక్' అనాలి. ఆ రాత్రి రెండింటిదాకా నిద్ర లేదు.

ఆ తర్వాత బుధవారాలు కాఫీకి వెళ్లడం అలవాటైంది. మా చుట్టరికాల గురించి అడిగింది. వాళ్ల లెక్క మన ఇంట్లో లెక్కలాగే ఉంది. 'మూర్' అంటే అమ్మ, 'ఫార్' అంటే నాన్న. అమ్మ వాళ్లమ్మ 'మూర్‌మూర్', అంటే అక్షరాలా అమ్మమ్మ. నాన్న వాళ్లమ్మ 'ఫార్‌మూర్', నాయనమ్మ. అమ్మ తమ్ముడైనా అన్నయ్యైనా 'మూర్‌బ్రూర్', మన మేనమామ. ఇంగ్లిష్‌లో అందరూ అంకులూ ఆంటీలే కదా, ఈ ముసలావిడ దగ్గర నేను మావయ్యనీ బాబాయినీ విడివిడిగా చెప్పగలిగా.

అయితే బయట సమస్య అలాగే ఉంది. మనం స్వీడిష్‌లో మొదలుపెట్టగానే, మన యాస విని వాళ్లు ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. మంచితనంతోనే. కానీ ఆ మంచితనం తలుపు మర్యాదగా మూసినట్టు ఉంటుంది. దీనికి నాకు దొరికిన తాళంచెవి రెండు వాక్యాలు. "యా ఫొషోకెర్ లేరా మెయ్ స్వెన్‌స్కా", నేను స్వీడిష్ నేర్చుకోడానికి ప్రయత్నిస్తున్నా. "కన్ దూ ప్రాతా లీతె లొంగ్‌సమ్మరె?", కొంచెం మెల్లగా మాట్లాడతారా? ఈ రెండూ అన్నాక ఇంగ్లిష్‌లోకి వెళ్లినవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. బేకరీలో రోజూ ఇదే ప్రాక్టీసు. ఏడాదికి తక్కువ ఉండేవాళ్లకి 'పర్సూన్‌నుమ్మెర్', అంటే వాళ్ల పౌర నంబరు రాదు, అది లేకపోతే ప్రభుత్వం ఉచితంగా నడిపే భాషా తరగతుల్లో చేరడం కష్టం. లైబ్రరీల్లో పెట్టే 'స్ప్రోక్‌కఫే'కి మాత్రం ఎవరైనా వెళ్లొచ్చు, ఊరివాళ్లు వచ్చి ఊరికే కబుర్లు చెప్తారు. ఉద్యోగం చూసుకుని ఉండిపోవాలనుకునేవాళ్లు దీన్ని ఇంకా సీరియస్‌గా తీసుకోండి. చాలా ప్రకటనల్లో చివర్లో స్వీడిష్ రావాలన్న లైను ఉంటుంది.

స్ప్రోక్‌కఫేలో నేర్చుకున్న ఒక మాట నాకు భలే నచ్చింది. "తక్ ఫొ షేనస్త్". పోయినసారి కలిసినందుకు థాంక్స్ అని. ఎవరింటికైనా విందుకెళ్లొస్తే, మళ్లీ కనిపించినప్పుడు, నెల తర్వాతైనా సరే, ఇది అనాలి. జవాబు "తక్ హ్వెల్వ్", మీకూ థాంక్స్. మనం తిన్నింటిని మనసులో గుర్తుంచుకుంటాం, వాళ్లు నోటితో చెప్తారు.

జనవరి మూడో వారం. ముందురోజు మంచు కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టింది, నేలంతా అద్దంలా ఉంది. పొద్దున్న ఏడున్నర, ఇంకా చీకటే. సైకిల్ తాళం తీస్తుంటే వెనక దబ్బున చప్పుడు. తిరిగి చూస్తే ఆవిడ మెట్ల ముందు పడి ఉంది. ఆ క్షణంలో నా నోట్లోంచి వచ్చింది ఆవిడ పేరు, ఒట్టి పేరు, దాని వెనకే 'దూ'. నాలుగు నెలలు రానిది.

ఆవిడకి ఇంగ్లిష్ పోయింది. నాతో గంటల తరబడి ఇంగ్లిష్‌లో మాట్లాడిన మనిషి నొప్పికి ఒక్క ఇంగ్లిష్ మాట కూడా పలకలేకపోతోంది. స్వీడిష్‌లో ఏదో గబగబా అంటోంది. నాకు తెలిసిన వాక్యమే అన్నా, బేకరీలో అనేదే: "లీతె లొంగ్‌సమ్మరె". ఆవిడ కళ్లు మూసుకుని, ఊపిరి తీసుకుని, మెల్లగా అంది: "యా ఫ్రీసెర్". చలేస్తోంది. నా జాకెట్ తీసి కప్పా.

112కి ఫోన్ చేశా. "ఎస్ఓఎస్ ఎత్ ఎత్ త్వో, వా హార్ ఇన్‌త్రెఫత్?" ఏం జరిగింది అని. కంగారులో ఇంగ్లిష్‌లోనే చెప్పా, వాళ్లు వెంటనే ఇంగ్లిష్‌లో మాట్లాడారు. సీనియర్లు చెప్పింది నిజమే, అక్కడ నాకు స్వీడిష్ అవసరం రాలేదు. మంచు మీద పడి ఉన్నావిడకి అవసరం వచ్చింది. ఎక్కడ నొప్పిగా ఉందో అడగమన్నారు. "వార్ యోర్ దే ఉంత్?" అన్నా. "హన్దెన్" అంది, చెయ్యి. "హొఫ్తెన్" అంది, ఆ మాట నాకు తెలియదు, ఆవిడ రెండో చేత్తో తుంటి చూపించింది. కదలొద్దని చెప్పమన్నారు. "రోర్ దెయ్ ఇంతె." ఫోన్ పెట్టేశాక చెప్పడానికి నా దగ్గర మిగిలినవి రెండే వాక్యాలు. "అంబులన్సెన్ కొమ్మెర్." అంబులెన్స్ వస్తోంది. "యా ఎ హేర్." నేనిక్కడే ఉన్నా. లైటు కనిపించేదాకా ఆ రెండూ మార్చి మార్చి అంటూ కూర్చున్నా. గ్రామర్ తప్పులు చేసే సందే లేదు, అంత చిన్న వాక్యాలు.

తుంటికి ఏమీ కాలేదు, మణికట్టు విరిగింది. కొన్నాళ్లు కూతురింట్లో ఉండి, ఫిబ్రవరి చివర్లో తిరిగొచ్చింది. త్వెత్‌స్తూగా బోర్డు దగ్గర కనిపించింది, చేతికి కట్టు, రెండో చేత్తో తాళం బిళ్ల గుచ్చలేక అవస్థ పడుతోంది. నన్ను చూసి, మొహంలో నవ్వు కనిపించనీయకుండా, విందులో కలిసి వెళ్లినవాళ్లలా అంది:

"తక్ ఫొ షేనస్త్."

"తక్ హ్వెల్వ్" అన్నా. ఆవిడ బిళ్ల నేనే గుచ్చి, బట్టల బుట్ట కిందకి దించా. పైకి వెళ్లాక కాఫీ ఎడమ చేత్తోనే పోసింది, సగం సాసర్లో పడింది. కప్పు అయ్యాక "పోతోర్?" అని అడిగింది.

"యా, తక్" అన్నా.